ఇచ్చిన డబ్బుకు తాళం

నెల్లూరు ట్రంకు రోడ్డులో ఒక చీరల దుకాణం. నిరుడు, అంటే 2025 దీపావళికి, నాలుగు రోజుల ముందు. అమ్మ గంటన్నరసేపు కూర్చుని, నలభై చీరలు విప్పించి, చివరికి అన్నింటికంటే ముందు చూసిన వెంకటగిరి చీరే బాగుందని తేల్చింది. నెమలి కంఠం రంగు, సన్నటి జరీ అంచు. ధర 5,400 రూపాయలు. (వెంకటగిరి 2022లో తిరుపతి జిల్లాలోకి వెళ్లింది. అమ్మ లెక్కలో మాత్రం అది ఇప్పటికీ మన జిల్లా చీరే.)

కింద కౌంటరు దగ్గర నాన్న చొక్కా జేబులోంచి దళసరి కవరు ఒకటి తీశాడు. కవరు మీద బంగారు రంగులో ప్రమిద బొమ్మ, లోపల ఐదు వేల రూపాయల గిఫ్ట్ కార్డు. చెన్నైలో తమ్ముడు పనిచేసే కంపెనీ పండక్కి అందరికీ ఇచ్చింది. పండగనాడు సెలవు దొరకదని వాడు ముందు ఆదివారమే మా ఊరు కోవూరు వచ్చి, "అమ్మకు చీర కొను నాన్నా" అని కవరు చేతిలో పెట్టి వెళ్లాడు. పైన ఏమైనా పడితే పనికొస్తుందని నాన్న ఇంకో ఐదు వందలు విడిగా తెచ్చుకున్నాడు. అంతకు మించి జేబులో పెట్టుకుని నెల్లూరు వచ్చే అలవాటు ఆయనకు లేదు.

కౌంటరులోని కుర్రవాడు కార్డును స్వైపింగ్ మిషనులో పెట్టి, "పిన్ కొట్టండి సార్" అన్నాడు. నాన్న ఒక్క క్షణం ఆలోచించి, చెయ్యి అడ్డం పెట్టుకుని, తన ఏటీఎం పిన్ కొట్టాడు. ఆయనకు తెలిసిన పిన్ అదొక్కటే. మిషను కీచుమంది. కార్డును తుడిచి మళ్లీ పెట్టారు. మళ్లీ కీచుమంది. వెనక వరుసలో చంటిపిల్లను ఎత్తుకున్న ఆవిడ నిట్టూర్చడం నాకు వినిపించింది. కుర్రవాడు కార్డును తిప్పి చూసి, "ఇది ఇంకా యాక్టివేట్ చేయలేదు సార్" అన్నాడు. తరవాత మేడ మీదికి కేక వేశాడు: "ఆ నెమలి కంఠం పక్కన పెట్టండి!"

నాన్న ముప్ఫయ్యొక్క ఏళ్లు ఆర్టీసీలో కండక్టరు. చిరిగిన నోట్లు, చెల్లని నోట్లు ఎందరికి తిరిగి ఇచ్చిన చెయ్యో అది. ఆ చేతికే ఆరోజు చెల్లని కార్డు తిరిగి వచ్చింది. ఏమీ అనలేదు. కార్డును కవరులో పెట్టాడు, కవరును జేబులో పెట్టాడు.

నేను ఫోనుతో కట్టేస్తానన్నాను. ఒప్పుకోలేదు. "ఇది చిన్నవాడు ఇచ్చింది. నీ డబ్బుతో కొంటే నీ చీర అవుతుంది. వాడి చీర కాదు" అన్నాడు. తమ్ముడికి ఫోను చేశాను. రాత్రి షిఫ్టు చేసి పడుకున్నాడు, తీయలేదు. కోవూరు బస్సులో కూర్చున్నాక, పెన్న మీద వంతెన దాటుతుండగా, నాన్న అన్న మాట ఇదొక్కటే: "ఇచ్చిన డబ్బుకు తాళం ఏమిటమ్మా?"

ఆ ప్రశ్న మీద నేను చాలా రోజులు ఆలోచించాను. తాళం వేసింది ఎవరు, ఎందుకు అని కొంత చదివాను కూడా. నాకు చివరికి తోచింది ఇది: తాళం ఉండాల్సిందే. కానీ దాన్ని తీయాల్సింది ఇచ్చేవాడు. పుచ్చుకునేవాడి చేతికి కార్డు చేరేసరికి అది పనిచేస్తూ ఉండాలి. ఇప్పుడు జరుగుతున్నది దీనికి తిరగేసి ఉంది.

మొదట తాళం పక్షాన చెప్పాల్సింది చెబుతాను. గిఫ్ట్ కార్డు మీద మన పేరు ఉండదు. పేరు ఉండాల్సిన చోట 'గిఫ్ట్ కార్డ్' అని ఉంటుంది, అంతే. ఎవరి చేతిలో ఉంటే వారిదే. ఒక కంపెనీ తన ఉద్యోగుల కోసం వందల కార్డులు ఒకేసారి తెప్పించుకుంటే, అవి కొరియరు సంచుల్లో, గోదాముల్లో, ఆఫీసు బీరువాల్లో పది చేతులు మారతాయి. దారిలో ఒక కట్ట మాయమైతే? తాళం ఉంది కాబట్టి ఎత్తుకుపోయినవాడికి దక్కేది ప్లాస్టిక్కు ముక్కలే. ఇది మంచి ఏర్పాటు. దీన్ని తప్పుపట్టేవాళ్లు మనియార్డరు కోసం ఎదురుచూసిన రోజులు మరిచిపోయి ఉండాలి.

అయితే ఈ తాళం పుట్టింటి సంగతి కూడా చూడాలి. అమెరికాలో కిరాణా దుకాణాల్లో ఈ కార్డులు చిప్స్ పొట్లాల పక్కన కొక్కేలకు వేలాడుతూ ఉంటాయి. ఎవరైనా తీసి జేబులో వేసుకోవచ్చు, ప్రయోజనం ఉండదు. కౌంటరు దగ్గర డబ్బు కట్టాక, అక్కడివాళ్లు స్కాన్ చేసినప్పుడే కార్డుకు ప్రాణం వస్తుంది. రసీదు ఇస్తారు. అంటే అక్కడ యాక్టివేషన్ అనేది కొన్నవాడికీ దుకాణానికీ మధ్య ముగిసిపోయే వ్యవహారం. పుట్టినరోజు పిల్లవాడి చేతికి వచ్చేసరికి కార్డు సిద్ధంగా ఉంటుంది. అక్కడా దొంగలు ఊరుకోలేదు. వేలాడే కార్డుల నంబర్లు ముందే రాసుకుని, కవరు మళ్లీ అంటించి, ఎవరో కొని యాక్టివేట్ చేయగానే సొమ్ము లాగేసే ముఠాలు తయారయ్యాయి. తాళం సర్వరోగ నివారిణి కాదని చెప్పడానికే ఈ మాట అంటున్నాను. అసలు సంగతి ఏమిటంటే, తాళం చెవి అక్కడ అమ్మేవాడి దగ్గర ఉంది. మన దగ్గరికి వచ్చేసరికి అది అమ్మ చీరకోసం కూర్చున్న మనిషి దగ్గర ఉండాల్సి వచ్చింది. ఆయనకేమో తన దగ్గర చెవి లేదని కూడా తెలియదు.

నాన్న దీన్ని నాకంటే బాగా చెప్పాడు. టిక్కెట్టు మిషన్లు రాకముందు ఆయన చేతిలో రేకు ట్రే ఉండేది. రంగురంగుల టిక్కెట్ల కట్టలు. "ట్రేలో ఉన్నంతసేపూ అది ఉత్త కాగితం. నేను చించి ప్రయాణికుడి చేతిలో పెట్టిన క్షణం నుంచి టిక్కెట్టు. చించడం నా పని. టిక్కెట్టు చేతిలో పెట్టి, ఇప్పుడు నువ్వు డిపోకు వెళ్లి దీన్ని చెల్లేలా చేయించుకురా అంటే నన్ను బస్సులోంచి దించి కొట్టేవాళ్లు" అన్నాడు.

కార్డును ఆ రాత్రి నేను దీపం కింద పెట్టి చూశాను. ముందు వైపు పదహారు అంకెలు, చెల్లుబాటు నెల, సంవత్సరం, ప్రమిద బొమ్మ. వెనక నల్ల పట్టీ, దాని కింద చీమతల అక్షరాలు ఐదు వరుసలు, అన్నీ ఇంగ్లిషులో. వాడేముందు యాక్టివేట్ చేయాలన్న మాట మూడో వరుసలో మధ్యన ఉంది. కవరు లోపలి అట్ట మీద కిట్ నంబరు అని ఇంకో అంకె. నేను డిగ్రీ చదివాను, కళ్లజోడు పెట్టుకున్నాను, అయినా రెండుసార్లు వెతకాల్సి వచ్చింది. పాల ప్యాకెట్టు మీద తేదీ కనపడేలా వేస్తారు. మందుబిళ్ల అట్ట మీద ఎర్ర గీత వేస్తారు. ఐదు వేల రూపాయల కార్డు మీద 'ఇది ఇంకా పనిచేయదు' అని ముందు వైపున తెలుగులో ఒక్క స్టిక్కరు అంటించలేరా? బంగారు ప్రమిదకు చోటు దొరికింది కదా.

తమ్ముడు నిద్ర లేచాక ప్రయత్నం మొదలైంది. కార్డు వెనక ఉన్న చిరునామా తెరిచి, కిట్ నంబరు, చివరి నాలుగు అంకెలు, ఫోను నంబరు కొట్టాం. ఓటీపీ వస్తే, అది ఎక్కించి, కొత్త పిన్ పెట్టుకుంటే పని అయిపోతుంది. ఓటీపీ రాలేదు. 'వివరాలు సరిపోలలేదు' అని వచ్చింది. కంపెనీ హెచ్‌ఆర్ వాళ్ల పట్టికలో తమ్ముడి పాత నంబరు ఉంది. ఆ సిమ్ము వాడు వదిలేసి రెండేళ్లయింది. నంబరు మార్చమని హెచ్‌ఆర్‌కు ఉత్తరం, హెచ్‌ఆర్ నుంచి కార్డు జారీ చేసినవారికి ఉత్తరం, మధ్యలో పండగ సెలవులు. మొత్తం తొమ్మిది రోజులు. దీపావళి వచ్చి వెళ్లిపోయింది. అమ్మ పాత చీరే కట్టుకుని, "ఇదీ వెంకటగిరే, అదీ వెంకటగిరే" అంది. తమ్ముడికి ఆ మాట చెప్పలేదు.

ఈ తొమ్మిది రోజుల్లో ఒకనాడు ఒక ఘటన జరిగింది. నేను ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం చీర కంటే అదే.

నేను ఆఫీసులో ఉన్నాను. నాన్న తనే ఏదో చేద్దామని ఫోనులో నోటితో చెప్పి 'గిఫ్ట్ కార్డు కస్టమర్ కేర్ నంబరు' వెతికాడు. ఒక నంబరు వచ్చింది. చేశాడు. అవతల మనిషి ఎంతో మర్యాదగా మాట్లాడాడట. కార్డు వివరాలు అడిగి, "మీ కార్డు బ్లాకు అయింది సార్, ఆ ఐదు వేలు మీ బ్యాంకు ఖాతాలో వేసేస్తాం. మీ ఏటీఎం కార్డు మీద నంబరు చెప్పండి" అన్నాడట. నాన్నకు అక్కడ కొంచెం తేడాగా తోచింది. "అది వేరే కార్డు కదా బాబూ" అన్నాడు. అవతలివాడు గొంతు పెంచాడు. ఇప్పుడు ఓటీపీ వస్తుంది, వెంటనే చెప్పకపోతే సొమ్ము పోతుందన్నాడు. తొందరపెట్టే మనిషిని నమ్మకూడదన్నది నాన్న బస్సులో నేర్చుకున్న చదువు. కిక్కిరిసిన బస్సులో చిల్లర కోసం తొందరపెట్టేవాడి నోటును ఆయన రెండుసార్లు వెలుగుకు పట్టి చూసేవాడు. ఫోనులో నిదానంగా అడిగాడట: "నీది ఏ డిపో?"

అవతలివాడు ఫోను పెట్టేశాడు.

సాయంత్రం ఆయన ఇది చెబుతుంటే నేను మొదట నవ్వాను. తరవాత గుండె జల్లుమంది. ఆయన పింఛను డబ్బంతా ఆ ఖాతాలోనే ఉంది.

ఓటీపీ ఎవరికీ చెప్పవద్దని బ్యాంకులు, పోలీసులు, ఫోనులో మోగే ప్రకటనలు ఏళ్లుగా మొత్తుకుంటున్నాయి. జనానికి ఇప్పుడిప్పుడే ఒంటబడుతోంది. సరిగ్గా అప్పుడే ఒక కానుక పంపి, 'మీ నంబరు ఇవ్వండి, వచ్చిన ఓటీపీ చెప్పండి, అప్పుడే మీ డబ్బు మీకు' అని అలవాటు చేస్తున్నాం. సొంతంగా వెబ్‌సైటులో ఎక్కించడం వేరు, ఫోనులో చెప్పడం వేరు అని మీకూ నాకూ తెలుసు. డెబ్బై ఏళ్ల మనిషికి ఆ గీత ఎంత సన్నం! పుచ్చుకునేవాడు తాళం తీసుకోవాలన్న ప్రతి ఏర్పాటూ దొంగ తాళంచెవులు అమ్మేవాడికి ఒక బేరం తెచ్చిపెడుతుంది. ఇచ్చేవాడే తీసి ఇచ్చి ఉంటే ఆ నంబరు వెతకాల్సిన అవసరమే నాన్నకు వచ్చేది కాదు.

పోనీ, చట్టం ఇలా చేయమందా అంటే, నేను చదివినంతలో ఆ మాట లేదు. ఇలాంటి కార్డులకు రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టు 27న సమగ్రమైన ఆదేశాలు ఇచ్చింది. వాటి ప్రకారం గిఫ్ట్ కార్డు విలువ 10,000 రూపాయలు దాటకూడదు. అయిపోయాక మళ్లీ నింపడం ఉండదు, నగదుగా తీయడం ఉండదు. కొన్నవారి కేవైసీ వివరాలు, అంటే వాళ్లెవరో తెలిపే గుర్తింపు వివరాలు, జారీ చేసినవారు ఉంచుకోవాలి. గమనించండి, కొన్నవారివి. పుచ్చుకున్నవారి పుట్టుపూర్వోత్తరాలు కాదు. అంతకుముందు, 2020 జనవరిలో, కొత్త కార్డుల మీద ఆన్‌లైను కొనుగోళ్ల వంటి సదుపాయాలు వినియోగదారుడు కోరేదాకా మూసి ఉంచాలని రిజర్వు బ్యాంకు నియమం పెట్టినప్పుడు కూడా, ప్రీపెయిడ్ గిఫ్ట్ కార్డులకు అది తప్పనిసరి కాదని విడిచిపెట్టింది. అంటే కానుక కాస్త సులువుగా ఉండాలన్న ఇంగితం పైవాళ్లకు ఉంది. కింద కార్డు అమ్ముకునేవారికి, దాన్ని టోకున కొనే కంపెనీలకు ఆ ఇంగితం కరువైంది.

నాకు అన్నింటికంటే కడుపుమండించింది గడువు సంగతి. సొమ్ము నింపిన తేదీ నుంచి కనీసం ఒక సంవత్సరం కార్డు చెల్లాలని నియమం. నింపిన తేదీ నుంచి. తాళం తీసిన తేదీ నుంచి కాదు. హెచ్‌ఆర్ బీరువాలో నెల రోజులు పడుకున్నా, పాత సిమ్ము గొడవలో పది రోజులు పోయినా, గడియారం తిరుగుతూనే ఉంటుంది. గడువు ముగిసే ముందు 45 రోజుల్లో వినియోగదారుడిని హెచ్చరించాలని కూడా అదే నియమం చెబుతుంది. మంచిదే. కానీ యాక్టివేటే కాని కార్డుకు మా తమ్ముడి చచ్చిపోయిన సిమ్ము నంబరు తప్ప ఇంకేదీ జతపడి లేదు. ఆ ఎస్సెమ్మెస్ ఎవరికి చేరుతుంది? ఆ నంబరు ఇప్పుడు ఎవరి దగ్గర ఉందో, వాళ్లకు. దీపావళి శుభాకాంక్షలతో సహా.

గడువు దాటినా సొమ్ము గంగలో కలిసినట్టు కాదని చాలామందికి తెలియదు. బ్యాంకు కాని సంస్థ జారీ చేసిన కార్డయితే, గడువు ముగిసిన నాటి నుంచి కనీసం మూడేళ్లపాటు మిగిలిన సొమ్మును అది తన లాభాల్లో కలుపుకోకూడదు. గడువు దాటాక ఎప్పుడు అడిగినా బ్యాంకు ఖాతాలోకి తిరిగి ఇవ్వాలి. అడగాలి, అంతే. ముప్ఫై రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా, ఇలాంటి ఫిర్యాదులు విచారించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. ఒకే దుకాణం తన సరుకు కోసం తనే అమ్ముకునే కార్డులకు మాత్రం ఇవేవీ వర్తించవు. వాటిని రిజర్వు బ్యాంకు చెల్లింపు వ్యవస్థగానే లెక్కించదు. అక్కడ దుకాణంవాడి మాటే శాసనం. రూపే, వీసా, మాస్టర్‌కార్డ్ గుర్తు ఉంటే మాత్రం అది అలాంటి ఒకే దుకాణం కార్డు కాదని తెలిసిపోతుంది.

మన వైపు కానుక ఎలా ఉండేదో ఒకసారి చూడండి. పెళ్లిలో చదివింపులు. ఒకాయన బల్ల ముందు పుస్తకం పెట్టుకుని కూర్చుంటాడు. ఫలానా ఊరి ఫలానావారు 516, ఫలానావారు 1,116. పైన ఆ పదహారు ఎందుకని ఎవరూ అడగరు, వేస్తారు. పుస్తకంలో రాసిన క్షణంలో ఆ డబ్బు పెళ్లివారిది. భోజనాల బిల్లు కింద ఆ రాత్రే వంటవాడికి ఇచ్చేసినా ఆపేవాడు లేడు. పేరు, ఊరు, మొత్తం అన్నీ నమోదయ్యేవి. మీ హెచ్‌ఆర్ పట్టిక కంటే శుభ్రంగా. కానీ ఆ నమోదు చాకిరీ పుచ్చుకునేవాడి మీద పడేది కాదు.

అంతదూరం ఎందుకు, మేము ఆరోజు ఇంటికి వచ్చిన బస్సే చూడండి. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద ఆడవాళ్లకు పల్లెవెలుగు బస్సులో ఉచితం. అమ్మ ఆధార్ చూపించింది, కండక్టరు సున్నా టిక్కెట్టు చించి చేతిలో పెట్టాడు. ఎక్కడా ఓటీపీ లేదు, కిట్ నంబరు లేదు. తప్పులున్నా, రద్దీ ఉన్నా, ఇచ్చేది ఇచ్చే చోటే పూర్తయింది. కార్పొరేటు కానుక ఆ పాటి కూడా చేయలేకపోయింది.

కంపెనీలు చేయగలిగింది పెద్ద పనేమీ కాదు. కవరు చేతికిచ్చే రోజున ఉద్యోగి ఎదురుగానే ఉంటాడు, ఫోను అతని చేతిలోనే ఉంటుంది. ఆ బల్ల దగ్గరే నంబరు సరిచూసి, యాక్టివేట్ చేసి, పిన్ పెట్టించి పంపితే ఒక్కొక్కరికి ఐదు నిమిషాలు. ఫోటో తీసుకోవడానికి అంతకంటే ఎక్కువసేపు నిలబెడుతున్నారు.

అలా జరిగేదాకా ఇంట్లో కార్డు వేరేవారి చేతికిచ్చే పిల్లలకు నాదొక విన్నపం. ముందు మీరు తాళం తీయండి. చిరునామా కార్డు మీద ఉన్నదే, ఒక్కో అక్షరం చూసి కొట్టండి, వెతుకులాటలో వచ్చిన నంబర్ల జోలికి పోవద్దు. పిన్ ఒక కాగితం మీద రాసి విడిగా ఇవ్వండి. బిల్లు కార్డు కంటే ఎక్కువైతే, కార్డులో ఉన్నంత మేరకే ముందు కొట్టించి, మిగతాది నగదుగా ఇవ్వమని చెప్పండి. మొత్తం కొడితే మిషను ఒప్పుకోదు, మళ్లీ వరుసలో నిట్టూర్పులు. ఎవరైనా మోసపోతే క్షణం ఆలస్యం లేకుండా 1930కి ఫోను చేయాలని ఆ కాగితం మీదే రాయండి.

తొమ్మిదో రోజు ఓటీపీ వచ్చింది. తమ్ముడు చెన్నై నుంచే పిన్ పెట్టి నాన్నకు చెప్పాడు. మేం మళ్లీ ట్రంకు రోడ్డుకు వెళ్లాం. నెమలి కంఠం చీర అమ్ముడుపోయింది. అమ్మ ఈసారి పావుగంటలో తేల్చేసింది, మామిడి పండు రంగు, 4,860 రూపాయలు. నాన్న పిన్ కొట్టాడు. మిషను కీచుమనకుండా రసీదు చీటీ కక్కింది. అదే కుర్రవాడు. మమ్మల్ని గుర్తుపట్టలేదు.

కార్డులో 140 రూపాయలు మిగిలాయి. ఆ డబ్బుకు ఏం కొంటామని నేను పట్టించుకోలేదు. ఇంటికి వచ్చాక నాన్న కళ్లజోడు పెట్టుకుని, ప్రమిద బొమ్మ కవరును వెనక్కి తిప్పి, పెన్ను తీశాడు. చిల్లర లేనప్పుడు టిక్కెట్టు వెనక రాసి ఇచ్చే పాత అలవాటు. అదే వాలు దస్తూరీలో 'రూ. 140 ఇవ్వాలి' అని రాసి, కింద తేదీ వేసి, సంతకం పెట్టాడు.